రుచి తెలియని చుక్క

పురుళ్ళు పోసే నర్సమ్మ కారును తాడు కట్టి లాక్కొచ్చి మెకానిక్ షెడ్డు ముందు ఆపారు. గట్టు రోడ్డు ఎక్కుతుండగా ఇంజను ఉడికిపోయి, ఏమైందోనని బానెట్ ఎత్తబోయిన ఆవిడ ముంజేతి మీదికి మరిగిన నీళ్ళు చిమ్మాయి. ముందు రోజే ఆ కారు ఇదే షెడ్డులో ఉంది. కింద తడి కనబడుతోందని చూడమని ఇచ్చి వెళ్ళింది. మేస్త్రి ఆ తడిలో వేలు ముంచి, నాలుక కొసకు తాకించి, ఉమ్మేసి, "మామూలు నీళ్ళే, తాళాలు ఇచ్చి పంపెయ్" అని బావమరిదితో చెప్పాడు. బావమరిది అలాగే చెప్పి పంపాడు.

చేతికి కట్టుతో వచ్చి ఆవిడ అడిగిన మాట ఒక్కటే. "మేస్త్రి చూశాడా, నువ్వు చూశావా?"

మేస్త్రి అక్కడే ఉన్నాడు. పానా తుడుచుకుంటూ నిలబడ్డాడు. నోరు మెదపలేదు.

"నేనే చూశానమ్మా. తప్పు నాదే," అన్నాడు బావమరిది.

అతన్ని అందరూ పిట్ట అంటారు. ఏ బండి కిందికైనా, ఏ సందులోకైనా దూరిపోయే సన్నటి మనిషి. ఆ రోజు నర్సమ్మ చెప్పేసింది. కారు బాగుచేయాల్సింది మేస్త్రేనట, పిట్ట చెయ్యి దాని మీద పడకూడదట.

అంతటితో పోయినా బాగుండేది. టాక్సీ స్టాండు వెనక ఖాళీగా పడివున్న రేకుల షెడ్డు పిట్టకు ఇస్తానని స్టాండు పెద్ద మాటిచ్చి ఉన్నాడు. సొంతంగా పని మొదలుపెట్టాలని పిట్టకు ఎన్నాళ్ళ నుంచో ఆశ. నర్సమ్మ చెయ్యి కాలిన సంగతి స్టాండుకు చేరగానే ఆ మాట వెనక్కి పోయింది. "నీళ్ళకీ కూలెంటుకీ తేడా తెలీనివాడికి నా బళ్ళు అప్పగించనా?" అన్నాడట పెద్దాయన, నలుగురిలో.

మేస్త్రి ఒక్క మాట చెబితే ఆ షెడ్డు పిట్టకు తిరిగి వస్తుంది. చెబితే మేస్త్రికి తన పేరు పోతుంది. వారం తిరిగి వచ్చినా ఆ మాట ఆయన గొంతులోనే ఉంది.

*

ఆయన పేరే నాలుక మేస్త్రి. ఇంజను వేడెక్కకుండా లోపల తిరిగే కూలెంటు కాస్త తియ్యగా ఉంటుంది. విషమే, మింగకూడదు. కొసన తాకించి ఉమ్మెయ్యాలి. నూనె ఇంకి నల్లబడ్డ నేల మీద పడిన చుక్కకు రంగు తెలియదు. వేళ్ళ మధ్య రుద్దితే జిగురుగా ఉంటుందంటారు గానీ, ఏళ్ళ తరబడి గ్రీజు తిన్న వేళ్ళకు అన్నీ జిగురే. నాలుక ఒక్కటే అబద్ధం చెప్పదని మేస్త్రి నమ్మకం. వేరే షెడ్ల వాళ్ళు కూడా సీసా మూతలో చుక్క పట్టుకుని వచ్చేవాళ్ళు. ఆయన తాకించి, ఉమ్మి, ఇది కూలెంటు, ఇది బ్యాటరీ నీళ్ళు, ఇది వట్టి వాన నీళ్ళు అని తేల్చేసేవాడు. ఎదురు మాట ఉండేది కాదు.

వానలు మొదలైన రోజుల్లో ఆ నాలుక చచ్చుబడింది. ఒక పొద్దున టీ తాగితే వేన్నీళ్ళు తాగినట్టుంది. మర్నాడూ అంతే. వాసన కూడా పోయింది. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అనుకుంటూ ఎవరికీ చెప్పలేదు. తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు. చుక్కలు వస్తూనే ఉన్నాయి. బండి వయసు చూసి, తడి పడిన చోటు చూసి, అంచనా మీద చెబుతూ వచ్చాడు. అన్నీ కుదిరాయి. నర్సమ్మది కుదరలేదు.

*

పొద్దున్నే మేస్త్రి బానెట్ ఎత్తాడు. ఇంజనులో నీళ్ళు తిప్పే వాటర్ బాడీ పక్కన, హీటరుకు పోయే రబ్బరు గొట్టం తగిలించే చోట ఒక ఇనప ఎల్బో ఉంది. మోచెయ్యి వంచినట్టుండే చిన్న ముక్క. అదే తుప్పు పట్టి పగిలి నర్సమ్మ మీద చిమ్మింది. కింద రెండోది పగల్లేదు గానీ వేలితో నొక్కితే పొరలు పొరలుగా రాలిపోతోంది. రెండూ మార్చాలి. లేతు మేస్త్రి చేత ఇత్తడిలో తిప్పించిన కొత్తవి వారానికి చేతికొచ్చాయి.

పిట్ట గడప అవతల పాత టైరు మీద కూర్చున్నాడు. షెడ్డులోకి రాలేదు. అలాగని ఇంటికీ పోలేదు.

రేడియేటరు కింద బిరడా విప్పితే తొట్టిలోకి ఎర్రమట్టి కలిసినట్టు నీళ్ళు దిగాయి. క్లిప్పులు వదులు చేశాడు. రబ్బరు గొట్టాలు ఇనుముకు కరుచుకుని రాలేదు. బ్లేడుతో నిలువునా చీల్చి ఊడబెరికాడు. కింది ఎల్బోకు పానా పెట్టి అటూ ఇటూ ఆడిస్తే, నూనె తాగి, కిర్రుమంటూ వచ్చేసింది. పైదానికి పానా పెట్టగానే ఉన్న కాస్త తల కూడా విరిగి చేతిలోకి వచ్చింది. మరలున్న మొదలు మాత్రం లోపలే ఉండిపోయింది.

"విరిగిందా?" అన్నాడు పిట్ట బయట్నుంచి.

"విరిగింది."

"నేనప్పుడే అనుకున్నా. ముందు వేడి చెయ్యాల్సింది బావా."

"నాకు తెలుసురా."

"తెలుసనుకో. ఊరికే గుర్తు చేస్తున్నా."

"నిన్ను ఇందులో వేలు పెట్టొద్దని కదా ఆవిడ చెప్పింది?"

"వేలే కదా. నోరు పెట్టొద్దనలేదుగా."

మేస్త్రికి నవ్వొచ్చింది. వచ్చినంత త్వరగా పోయింది. వాడు ఇలా నవ్వించినప్పుడల్లా లోపల ఎక్కడో గుచ్చుకుంటోంది. తిట్టినా బాగుండును. మొహం మాడ్చుకుని కూర్చున్నా బాగుండును. ఏమీ జరగనట్టు టైరు మీద కూర్చుని కాలు ఊపుతున్నాడు.

వాటర్ బాడీ బీడుది, పోత ఇనుము. బీడు మహా పెళుసు, బలం పెడితే పళ్ళెంలా పగిలిపోతుంది. ఇంత పాత బండికి ఇంకో వాటర్ బాడీ ఎక్కడా దొరకదు. అది పగిలితే కారు ఇనప సామాను కొట్టుకు పోవాల్సిందే. మేస్త్రి మంట గొట్టం వెలిగించి, ఇరుక్కుపోయిన ముక్క చుట్టూ మెల్లగా తిప్పుతూ వేడి చేశాడు. కళ్ళు దాని మీదే. ఎంత వేడికి ఎంత రంగు తిరుగుతుందో చూస్తూ చుట్టుపక్కల మరిచిపోయాడు.

"బావా! గుడ్డ!"

పిట్ట గడప దాటి ఒక్క ఉరుకున లోపలికొచ్చాడు. మేస్త్రి వెనక, కారు మడ్‌గార్డు మీద పడేసిన నూనె గుడ్డ కాలుతోంది. అప్పటికే సగం నల్లబడి పొగలు కక్కుతోంది. పిట్ట దాన్ని కింద పడేసి కాలితో నలిపాడు. షెడ్డంతా పొగ. ఎదురింటి కిటికీలోంచి ఎవరో దగ్గుతూ తిట్టడం వినబడింది.

గుడ్డ ఆరిపోయాక పిట్ట తల ఎత్తి బావ మొహం చూశాడు.

"రోడ్డు మీదికి కొడుతోంది కంపు. నీకు రాలేదా?"

"పనిలో పడి చూసుకోలేదు."

"చూసుకోవడమేంటి బావా? వాసన కదా."

మేస్త్రి మంట తగ్గించాడు. పెంచాడు. మళ్ళీ తగ్గించాడు. చేతికి ఏదో ఒక పని ఉండాలి.

"ఒరేయ్," అన్నాడు చివరికి. "ఆ రోజు నీ మీద ఎందుకు వేసుకున్నావు?"

"ఏదీ?"

"తెలీనట్టు అడక్కు."

పిట్ట కాలిన గుడ్డను కాలితో మూలకు నెట్టాడు. "నీ పేరు పోతే ఈ షెడ్డులో ఇంకేముంటుంది, గోడలు తప్ప? నాదేముంది. నాకు పేరెక్కడుంది పోవడానికి?"

"షెడ్డు పోయింది కదరా."

"పోతే పోయింది. రేకులే కదా." ఆ మాట అనేటప్పుడు బావ వైపు చూడలేదు. తిరిగి పోయి టైరు మీద కూర్చున్నాడు. ఈసారి కాలు ఊపలేదు.

వాడికి తెలిసిపోయిందని మేస్త్రికి తెలిసింది. ఎప్పట్నుంచి తెలుసో అడగాలనుకున్నాడు. అడిగితే తన నోటితోనే ఒప్పుకున్నట్టవుతుంది. అడగలేదు. అలా అడగని మాటలు ఈ వారంలో ఎన్ని పోగయ్యాయో, ఆ తుప్పు ముక్కలాగే ఒకదానికొకటి కరుచుకుని లోపల కూర్చున్నాయి.

హాక్సా బ్లేడు ముక్కకు గుడ్డ చుట్టి పట్టుకుని, ఇరుక్కున్న మొదలును లోపలి నుంచి నిలువుగా కోయడం మొదలుపెట్టాడు. ఇనుము తెగాలి, వెనకున్న బీడు మరలు తెగకూడదు. చేతికి గరుకు మారిన క్షణంలో ఆపెయ్యాలి. చెయ్యి మాత్రం ఇంకా తనదే. గరుకు మారింది, ఆపాడు. ఎదురుగా ఇంకో గాటు. సన్న ఉలితో రెండు గాట్ల మధ్య ముక్కను లోపలికి వంచి, ముక్కు పట్కారుతో తిప్పి లాగితే, ఎండిన పుండు చెక్కులా ఊడి వచ్చింది. మరలు చెక్కు చెదరలేదు. వేరే రోజైతే ఒక కేక వేసి పిట్టకు చూపించేవాడు. ఇవాళ ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని ఊరికే చూశాడు.

*

మధ్యాహ్నం భార్య క్యారియరు పట్టుకుని వచ్చింది. ఎప్పుడూ పిట్టే వెళ్ళి తెస్తాడు. ఆవిడ షెడ్డు గడప తొక్కడం అరుదు.

"ఏంటక్కా, నువ్వొచ్చావు?" అన్నాడు పిట్ట.

"నువ్వు అక్కడే కూర్చో. ఆయనతో పనుంది."

బల్ల మీద సామాను పక్కకు నెట్టి గిన్నె పెట్టింది. మూత తీసింది. కూర. అదొక్కటే. పక్కన ఇంకేమీ లేదు.

"తినండి."

"చేతులు కడుక్కోనీ."

"కడుక్కోండి. కడుక్కుని తినండి."

ఆవిడ గొంతులో ఏదో ఉంది. మేస్త్రి చేతులు కడుక్కుని వచ్చి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మెత్తగా, వెచ్చగా ఉంది. అంతకు మించి ఏమీ లేదు. ఈ మధ్య అలవాటైన మాట నోటికి దానంతటదే వచ్చేసింది. "బాగుంది."

"బాగుందా?"

"ఊఁ. బాగా కుదిరింది."

ఆవిడ గిన్నె మీద మూత పెట్టేసింది. పెట్టి, ఆ మూత మీదే చెయ్యి ఉంచి నిలబడింది.

"రాత్రి కూరే ఇది. మరిచిపోయి రెండోసారి ఉప్పు వేశాను. మీరు తిని లేచాక నేను కూర్చున్నాను. ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేశాను. గొడ్డు కూడా ముట్టదు దీన్ని. మీరు మారు వడ్డించుకున్నారు. 'ఈ మధ్య నీ చేతిలో ఏదో ఉందే' అన్నారు."

మేస్త్రి గిన్నె వంక చూశాడు.

"పెళ్ళయిన దగ్గర్నుంచి మీరు వంక పెట్టకుండా లేచిన పూట లేదు. ఉప్పు తక్కువ. కారం ఎక్కువ. మాడింది. ఉడకలేదు. మీ అమ్మ ఇలా చేసేది కాదు. ఏడ్చిన రోజులున్నాయి, మానేసిన రోజులున్నాయి. వానలు మొదలయ్యాక మీరు మారిపోయారు. ఏది పెడితే అది బాగుందంటున్నారు. నేనొక పిచ్చిదాన్ని. ఇన్నాళ్ళకి ఈయనకి నా వంట నచ్చిందని పక్కింటావిడతో కూడా చెప్పుకున్నాను. రోజుకొకటి కొత్తగా చేశాను." ఆవిడ గిన్నెను పక్కకు జరిపింది. "నన్ను కాదన్నమాట మెచ్చుకుంది."

మేస్త్రి మాటలు పోగేసుకునే మనిషి కాదు. బల్ల అంచు మీద గ్రీజు మరకను గోటితో గీకాడు.

"తలుచుకుని తింటున్నానే," అన్నాడు చివరికి.

"ఏంటి?"

"నువ్వు చేసింది ఎలా ఉండేదో తలుచుకుని తింటున్నా. తలుచుకుంటే బాగానే ఉంటోంది. అప్పుడు కూడా బాగానే ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. గడప అవతల పిట్ట తల వంచుకుని చెప్పులో ఇసుక దులుపుకుంటున్నాడు. అక్కడ ఇసుక లేదు.

"నాకు చెప్పకపోతే పోయె," అంది ఆవిడ మెల్లగా. "ఉప్పు కూర తిన్నా చచ్చిపోరు ఎవరూ. కానీ వాడి నోటి కాడి కూడు మీరు లాగేసుకుంటే ఎలా? నా తమ్ముడని కాదు. ఎవరి తమ్ముడైనా సరే. ఆ నర్సమ్మ రోడ్డు మీద కనబడితే వీణ్ణి చూసి మొహం తిప్పుకుంటోంది. పురుళ్ళు పోయడానికి గట్టు మీది ఇళ్ళకి ఆ కారులోనే పోవాలి ఆవిడ. వారమై నడిచి పోతోంది కట్టు కట్టిన చేత్తో. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"సాయంత్రం వస్తుంది. పని కానీ."

"పనయ్యాక?"

"చెప్తా."

"వాడి ముందు చెప్పండి. స్టాండు ఆయన ముందు కూడా."

"చెప్తానన్నాగా."

ఆవిడ క్యారియరు సర్దుకుంది. వెళ్ళిపోతుందనుకున్నాడు. వెళ్ళలేదు. పనిముట్ల పెట్టె మీద దుమ్ము దులిపి దాని మీద కూర్చుంది.

"ఇంటికి పోవా?"

"సాయంత్రం దాకా ఇక్కడే ఉంటా. మీ మాట మీద నాకు నమ్మకం లేక కాదు. మీ నోటి మీద లేక."

పిట్ట బయట్నుంచి కిసుక్కున నవ్వి, అక్క చూపు తగలగానే దగ్గు కింద మార్చేశాడు.

*

ఎండ వాలేవేళకు కొత్త ఎల్బోలు రెండూ కూర్చున్నాయి. మరలకు పూత రాసి, చేత్తో ఎంత పోతే అంత తిప్పి, ఆ తర్వాత పానాతో కాస్త. అంతే. బిగించే కొద్దీ మంచిదనుకునేది కొత్తవాళ్ళు. కొత్త గొట్టాలు, కొత్త క్లిప్పులు. తుప్పు మట్టి పోయేదాకా మామూలు నీళ్ళతో ఇంజను కడిగి, ఆ నీళ్ళు వంపేసి, కూలెంటు పోశాడు. లోపలున్న గాలి బుడబుడమని బయటికి వచ్చేదాకా గొట్టాలు పిసికాడు. ఇంజను స్టార్టు చేసి వదిలాడు. వేడి చూపే ముల్లు సగం దాకా ఎక్కి అక్కడే నిలబడింది. ఫ్యాను తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది.

నర్సమ్మ వచ్చేసరికి ఇంజను నడుస్తూనే ఉంది. వెనకే స్టాండు పెద్ద కూడా వచ్చాడు, చేతులు వెనక్కి కట్టుకుని. ఊళ్ళో ఏ బండి బాగయినా చూసిపోవడం ఆయనకు అలవాటు.

"అయిందా మేస్త్రిగారూ?" అంది నర్సమ్మ. కట్టు ఈసారి చిన్నది. గడప దగ్గర లేచి నిలబడ్డ పిట్టను చూసీ చూడనట్టు దాటి వచ్చింది.

"అయిందమ్మా."

స్టాండు పెద్ద వంగి కారు కిందికి చూశాడు. "మరి ఇదేంటి?"

వాటర్ బాడీకి సూటిగా కింద, నల్లటి నేల మీద అరచేతి మేర తడి. పైన, ఇంజను కింద అడ్డంగా పోయే బోలు ఇనప అడ్డకు ఒక చుక్క వేలాడుతోంది. చూస్తుండగానే తెగి పడింది. దాని వెనక ఇంకోటి తయారవుతోంది.

మేస్త్రి లెక్క వేసుకున్నాడు. కడిగిన నీళ్ళు అడ్డ లోపల నిలిచి కారుతుండొచ్చు. లేదా మర దగ్గర సన్నగా బీటలు వారి కూలెంటే దిగుతుండొచ్చు. కళ్ళకు రెండూ ఒకటే.

"చూడ్డానికేముందిలే," అన్నాడు స్టాండు పెద్ద నవ్వుతూ. "మన నాలుక మేస్త్రి ఉండగా! తాకించి చెప్పు. ఈసారి నువ్వే చెప్పు, అప్పటిలా ఇంకొకళ్ళకి వదలకు."

మేస్త్రి వంగాడు. ఏళ్ళ అలవాటు, వేలు దానంతటదే పోయి చుక్క కింద నిలబడింది. చుక్క వేలి మీద పడింది. నాలుకకు తాకించాడు. గాలిని నాకినట్టుంది. ఇంకాసేపు ఉంచాడు, ఏదైనా వస్తుందేమోనని. ఏమీ రాలేదు. ఇంజను తిరుగుతూనే ఉంది. భార్య పెట్టె మీంచి లేచి నిలబడింది.

మామూలు నీళ్ళే అనొచ్చు. నూటికి తొంభై పాళ్ళు అదే. మరలు తను చూశాడు, చెయ్యి తనది. అనేస్తే ఇవాళ్టికి గడిచిపోతుంది. రేపు ఆవిడ గట్టు రోడ్డు ఎక్కుతుంది.

మేస్త్రి ఉమ్మేసి, లుంగీకి వేలు తుడుచుకున్నాడు.

"నాకు తెలీదు," అన్నాడు.

"తెలీదంటే?" అన్నాడు స్టాండు పెద్ద.

"తెలీదంటే తెలీదు. తీపీ లేదు, చేదూ లేదు. నా నాలుక చచ్చిపోయింది. ముక్కు కూడా. వానలు మొదలైన దగ్గర్నుంచి." నర్సమ్మ వైపు తిరిగాడు. కానీ ఆవిడ మొహం చూడలేక కట్టు వైపు చూశాడు. "అమ్మా, ఆ రోజు మీ కారు చూసింది వాడు కాదు. నేను. నీళ్ళని చెప్పింది నేను. మీరు అడిగినప్పుడు పక్కనే ఉండి కూడా చెప్పలేదు. వాడు తన మీద వేసుకుంటుంటే ఊరుకున్నాను. మీ చెయ్యి కాలింది నా వల్ల."

స్టాండు పెద్ద వెనక కట్టుకున్న చేతులు విప్పేశాడు. ఏం చెయ్యాలో తోచక మళ్ళీ కట్టుకున్నాడు.

"రారా," అన్నాడు మేస్త్రి గడప వైపు చూసి. "వచ్చి నువ్వు చూసి చెప్పు. వాడు చూడొచ్చా అమ్మా?"

నర్సమ్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది.

పిట్ట వచ్చి వెల్లకిలా కారు కిందికి జారాడు. లైటు అడిగాడు, మేస్త్రే అందించాడు. అడ్డ మీది చుక్కను వేలితో అందుకుని తాకించాడు. పక్కకు ఉమ్మాడు. కొత్త ఎల్బో చుట్టూ వేలు తిప్పి, ఆ వేలూ తాకించాడు. తర్వాత గుడ్డతో అడ్డ లోపల తుడిచి కాసేపు అలాగే పడుకుని చూశాడు.

"నీళ్ళే బావా. కడిగినవి అడ్డలో నిలిచిపోయాయి. ఎల్బో పొడిగా ఉంది. చుక్క లేదు."

మేస్త్రి ఊపిరి వదిలాడు. కానీ అందులో సంతోషం లేదు. తన పనిని ఇంకొకళ్ళు చూసి బాగుందని చెప్పే రోజు వస్తుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. అందులోనూ, ఆ చెప్పేవాణ్ణి తనే వారం పాటు ఎందుకూ పనికిరానివాణ్ణి చేసి కూర్చోబెట్టాడు.

"పిట్టా," అన్నాడు స్టాండు పెద్ద, గొంతు సవరించుకుని. "నలుగురిలో అన్నాను. రేపు ఆ నలుగురిలోనే వెనక్కి తీసుకుంటా. వచ్చి షెడ్డు తాళం పట్టుకుపో."

పిట్ట కారు కిందే ఉన్నాడు.

నర్సమ్మ మాత్రం మేస్త్రినే చూస్తోంది. కోపంగా కాదు. పురిటి మంచం దగ్గర ఏదో తేడాగా ఉన్నప్పుడు చూసే చూపు అది.

"రుచీ వాసనా రెండూ ఒకేసారి పోయాయా?"

"ఒకేసారేనమ్మా."

"ముందు జ్వరం వచ్చిందా? జలుబు?"

"ఏమీ లేదు."

"తలకి దెబ్బ తగిలిందా?"

లేదు అనబోయి మేస్త్రి ఆగాడు. చెయ్యి తల వెనక్కి పోయింది. "బానెట్ పడిందమ్మా ఒకసారి. వంగి పని చేస్తుంటే ఆసరా కడ్డీ జారి పడిపోయింది. కాసేపు కళ్ళు తిరిగాయి, అంతే. మర్నాడు పనిలోకి వచ్చేశా."

"నాకు చెప్పలేదే!" అంది భార్య.

నర్సమ్మ బాగున్న చేత్తో ఆయన తల వంచి, వెనక ఎముక మీద వేళ్ళతో నొక్కి చూసింది. "దెబ్బ గట్టిగా తగిలితే కొందరికి ఇలా పోతుంది. ఇన్నాళ్ళు ఊరుకోవాల్సింది కాదు. రేపే పెద్దాసుపత్రికి. నా కారులోనే తీసుకెళ్తా. ఎప్పుడు పడింది బానెట్?"

మేస్త్రికి అప్పటిదాకా ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడాలని తోచలేదు. ఇప్పుడు ఆ రోజు మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. మొదటి వాన పడిన రోజు. వేరే షెడ్డు పెట్టుకుంటానని పిట్ట మొదటిసారి నోరు విప్పిన రోజు. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. నా దగ్గర పని నేర్చుకుని నాకే ఎదురు కొట్టు పెడతావా, నా ఇంటి తిండి తిని పెరిగినవాడివి అంటూ, ఇంజను మీద వంగి, వెనక్కి తిరిగి కూడా చూడకుండా అనకూడని మాటలు అన్నాడు. ఆ మాటల మధ్యలో బానెట్ పడింది.

"వాన పడిన రోజు," అన్నాడు మెల్లగా. "కడ్డీ పాతది. జారింది."

ఇంజను ఎవరో ఆపేశారు. చూస్తే పిట్ట. ఎప్పుడు కారు కిందనుంచి వచ్చాడో, ఎప్పుడు తాళం తిప్పాడో ఎవరూ గమనించలేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు. అడ్డ తుడిచిన తడి గుడ్డ రెండు చేతుల్లో మెలిపడుతోంది.

"కడ్డీ జారలేదు బావా," అన్నాడు. "నేనే తీశాను."